బేసా, టాపా? ముందు ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పండి

ప్రశ్న: సర్, మాది ఒంగోలు. చీమకుర్తి దగ్గర ఒక పల్లెలో టీచర్ని. రోజూ రానూపోనూ నలభై కిలోమీటర్లు, గ్రానైటు లారీల మధ్య పదేళ్లుగా బైకు మీదే తిరుగుతున్నాను. ఇప్పుడు కారు కొందామని కూర్చున్నాం. ఇంట్లో ఐదుగురం: నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, అమ్మ, నాన్న. అమ్మకి మోకాళ్ల నొప్పులు. నా భార్య ఈమధ్యే డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. నెలకోసారి మార్కాపురం అత్తగారింటికి, ఏడాదికోసారి శ్రీశైలం వెళ్తాం. చేతిలో నాలుగు లక్షలుంది, మిగతాది లోను. మోడల్ ఖాయం చేసుకున్నాం గానీ వేరియంట్ దగ్గర ఆగిపోయాం. ఆన్‌రోడ్ ధర బేస్ 8 లక్షల 20 వేలు, మధ్యది 9 లక్షల 45 వేలు, టాప్ 11 లక్షల 25 వేలు, సన్‌రూఫ్‌తో టాప్ ఆటోమేటిక్ 12 లక్షల 45 వేలు అన్నారు. "అన్నిటికీ ఇంజనొకటే, చక్రాలు నాలుగే, బేస్ చాలు" అంటారు నాన్న. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది "కొనేది ఒక్కసారే కదా బావా, టాప్ ఆటోమేటిక్ తీసుకో, లోను ఏడేళ్లకి పెట్టుకో" అంటాడు. సేల్స్ కుర్రాడేమో బేస్‌కి మూడు నెలలు ఆగాలని, టాప్ అయితే వారంలో ఇస్తానని అంటున్నాడు. ఏం చేయమంటారు? ఇంకో చిన్న సంగతి, రంగు కూడా తేలలేదు. నాకు తెలుపు, పాపకి ఎరుపు.
ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

సమాధానం:

మాస్టారూ, కొటేషన్లూ, ఫీచర్ల పట్టికా జతచేసి పంపినందుకు ముందుగా థాంక్స్. చాలామంది "ఏ కారు కొనమంటారు?" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మీ మోడల్ పేరు మాత్రం ఇక్కడ వేయడం లేదు. వేస్తే మన సంగతి పక్కకి పోయి ఆ కంపెనీ మంచిదా ఈ కంపెనీ మంచిదా అన్న తగువు మొదలవుతుంది. మారుతీలో ఎల్‌ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జెడ్‌ఎక్స్ఐ అంటారు. హ్యుందాయ్ వాళ్లు ఎరా, మాగ్నా, స్పోర్ట్జ్, ఆస్టా అంటారు. టాటా వాళ్లు స్మార్ట్, ప్యూర్, క్రియేటివ్ అంటారు. పేర్లేవైనా మెట్లు అవే.

నా మాట ముందే చెప్పేస్తాను: మధ్యది తీసుకోండి, మాన్యువల్ గేరుదే. కానీ ఎందుకో చెప్పకపోతే అటు నాన్నగారూ ఒప్పుకోరు, ఇటు మీ బావమరిదీ ఒప్పుకోడు.

నాన్నగారితో మొదలుపెడదాం, ఎందుకంటే ఆయన మాటలో ఎక్కువ నిజముంది. మీరు పంపిన పట్టికలో నాలుగు కార్లకీ ఒకటే ఇంజను. బాడీ, సస్పెన్షన్, బ్రేకులూ అవే. ఏసీ సంగతి కూడా చాలామంది అపోహ పడతారు. టాప్‌లో ఆటోమేటిక్ ఏసీ ఉంది కాబట్టి ఎక్కువ చల్లబడుతుందనుకుంటారు. సాధారణంగా కంప్రెసర్ అదే, గ్యాసూ అదే. ఒకదానిలో మీరు మీట తిప్పుతారు, ఇంకోదానిలో డిగ్రీలు పెట్టి వదిలేస్తే అదే సర్దుకుంటుంది. మే నెలలో ఒంగోలు ఎండలో ఆపిన కారు చల్లబడటానికి రెండింటికీ దాదాపు ఒకే టైము పడుతుంది.

ఇంకో సంగతి. పదేళ్ల కింద ఇదే ఉత్తరం రాసి ఉంటే బేస్ వద్దని కళ్లుమూసుకుని చెప్పేవాణ్ణి. అప్పట్లో చిన్న కార్ల బేస్ అంటే ఎయిర్‌బ్యాగ్ ఉండేది కాదు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండేది కాదు, కొన్నిటికి ఎడమవైపు అద్దం కూడా ఉండేది కాదు. ప్రాణం కాపాడే వస్తువుల్ని మ్యూజిక్ సిస్టమ్‌తో కలిపి టాప్‌లో పెట్టి అమ్మేవారు. అది అన్యాయం. చట్టం వచ్చాక ఆ ఆట కొంత కట్టయింది. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకీ ఏబీఎస్ తప్పనిసరి. అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సార్లు, బెల్టు పెట్టకపోతే మోగే గంట, స్పీడు దాటితే మోగే గంట తప్పనిసరి అయ్యాయి. ముందు కూర్చునే రెండో మనిషికి ఎయిర్‌బ్యాగ్ 2021లో వచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని కేంద్రం అంది, ఒకసారి వాయిదా వేసింది, 2023లో ఆ ఆలోచన మానుకుంది. అయినా పోటీలో పడి చాలా కంపెనీలు బేస్ నుంచే ఆరు ఇస్తున్నాయి. మీ పట్టికలోనూ అంతే. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, ఎత్తు మీద ఆపిన కారు వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ నాలుగింటిలోనూ ఉన్నాయి.

ఈఎస్‌సీ అన్న మూడక్షరాలను చదివి వదిలేయకండి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, వానకి తడిసిన మలుపులో కారు మీరు తిప్పిన వైపు కాకుండా బయటికి జారబోతే, ఒక్కో చక్రానికి వేరువేరుగా బ్రేకు వేసి దారిలోకి లాక్కొచ్చేది అదే. బయట ఏ షాపులోనూ అది బిగించరు. మీ బేస్‌లో గనక అది లేకపోయుంటే నా జవాబు రెండు లైన్లలో అయిపోయేది: మధ్యది తీసుకోండి, డబ్బు చాలకపోతే ఇంకా చిన్న మోడల్ చూసుకోండి. ఈ ఉత్తరం చదివి వేరే కారు కొనబోయేవాళ్లు ముందు ఆ లైన్ వెతుక్కోండి. మీ మోడల్‌కి భారత్ ఎన్‌క్యాప్ (కారుని గుద్దించి చూసే ప్రభుత్వ భద్రతా పరీక్ష) నక్షత్రాలు వచ్చి ఉంటే ఏ వేరియంట్‌ని గుద్దించి ఇచ్చారో, అందులో ఉన్న ఎయిర్‌బ్యాగులు మీరు కొనేదానిలో ఉన్నాయో లేదో కూడా అడగండి.

మరి భద్రతా సమానమే, ఇంజనూ సమానమే అయితే లక్షా పాతికవేలు ఎందుకు ఎక్కువ పెట్టమంటున్నానో చెప్తాను.

నేనెప్పుడూ చేసే పని ఒకటుంది. వేరియంట్ల పట్టిక ప్రింటు తీసుకుని పెన్సిలు పట్టుకుంటాను. మధ్యదానిలో ఉండి బేస్‌లో లేనివన్నీ ఒక వరసలో రాస్తాను. మీ కారుకి పదమూడు వచ్చాయి. వాటిలో బయట షాపులో బాగా కుదిరేవి కొట్టేస్తాను. టచ్‌స్క్రీన్, స్పీకర్లు కొట్టేశాను. రివర్స్ కెమెరా కొట్టేశాను. వీల్ కవర్లు, సీటు కవర్లు, డోరు అంచున క్రోము పట్టీ, బాడీ రంగు హ్యాండిళ్లు, ఇవన్నీ కొట్టేశాను. విజయవాడ ఆటోనగర్‌లోనో మీ ఊళ్లోనో స్క్రీను, కెమెరా, నాలుగు స్పీకర్లు కలిపి కంపెనీ అడిగేదానిలో సగానికే వస్తాయి. పైగా కంపెనీ స్క్రీన్ కన్నా పెద్దదే వస్తుంది.

కొట్టేయగా మిగిలినవి ఇవి: డ్రైవర్ సీటు ఎత్తు పెంచుకునే లివరు, లోపలినుంచే బటన్‌తో తిప్పుకునే పక్క అద్దాలు, వెనక అద్దానికి వైపరూ, పట్టిన ఆవిరిని పోగొట్టే డీఫాగరూ, వెనక డోర్లకి పవర్ విండోలు, వెనక సీటుకి పైకీ కిందకీ జరిగే హెడ్‌రెస్టులు, వెనకవాళ్లకి ఏసీ గాలి వచ్చే కిటికీలు. ఈ ఆరింటికీ మీరు లక్షా పాతికవేలు ఇస్తున్నారన్నమాట. కొట్టేసినవి ఉచితంగా వచ్చాయనుకోండి, బయట పెట్టే ఖర్చు ఒక పాతిక ముప్ఫై వేలు మిగులుతుంది.

"వెనక పవర్ విండోలు కూడా బయట పెట్టిస్తారు కదా?" అని మీరు అడుగుతారు. పెట్టిస్తారు. నేనూ పెట్టించుకున్నాను. నా మొదటి కారు బేసే. కొన్న నెలకి ఒక యాక్సెసరీస్ షాపులో నాలుగు డోర్లకీ పవర్ విండోలు, వాటితో పాటు ఎక్కువ వాట్ల హెడ్‌లైటు బల్బులూ వేయించాను. కుర్రాడు చురుకైనవాడు. గంటన్నరలో డోరు ప్యాడ్లు విప్పి, కంపెనీ వైరు మధ్యలో బ్లేడుతో గీకి, కొత్త వైరు చుట్టి, నల్ల టేపు వేసేశాడు. నాకు అద్దాలు పైకీ కిందకీ తిరగడం చూసి పిల్లాడి సంబరం. నాలుగో నెలలో ఒక రాత్రి నెల్లూరు నుంచి వస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. లారీ వాసన అనుకున్నాను. కావలి దగ్గరికి వచ్చేసరికి ఎడమ లైటు పోయింది. బానెట్ ఎత్తి చూస్తే బల్బు హోల్డరు చక్కెర పాకంలా కరిగి కిందికి జారి ఉంది. మామూలు హెడ్‌లైటు బల్బు 60/55 వాట్లు. నాకు వేసినవి 100/90. బల్బులకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే రిలే పెట్టకుండా అంత కరెంటు అదే వైరులోంచి లాగితే జరిగేది అదే. సర్వీసు సెంటరులో ఆ నల్ల టేపు చూడగానే "వైరింగ్ వారంటీ పోయింది సార్" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది, అంతే.

అప్పటినుంచి నా లెక్క ఒకటే. ప్లగ్గు పెట్టి ప్లగ్గు తీసేదైతే బయట పెట్టించుకుంటాను. వైరు కోయాల్సి వస్తే మాత్రం కంపెనీ నుంచే తీసుకుంటాను. కోయకుండా కప్లర్లతో బిగించేవాళ్లు ఇప్పుడు ఉన్నారు, నిజమే. డోరు ప్యాడు విప్పేదాకా ఏది ఎలా చేస్తారో మనకి తెలియదు కదా.

ఇక మిగిలిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది సీటు లివరు. నవ్వకండి. మీ శ్రీమతి కొత్తగా నేర్చుకున్నారని రాశారు, ఎత్తు ఎంతో రాయలేదు. ఐదడుగులు, ఐదడుగుల రెండంగుళాలు అనుకుందాం. సీటు ఎత్తు జరగని కారులో ఆ ఎత్తు మనిషి కూర్చుంటే స్టీరింగు పై అంచుకి, డాష్‌బోర్డుకి మధ్య సందులోంచి రోడ్డు చూడాల్సి వస్తుంది. బానెట్ అసలు కనిపించదు. మా ఇంట్లో ఆవిడ ఆ నా మొదటి కారుని రెండేళ్లు ముట్టుకోలేదు. "నాకు భయం" అనేది. నేనేమో క్లచ్ భయం అనుకున్నాను. ఒకసారి మా అక్కయ్య కారులో కూర్చుని, సీటు పక్కనున్న లివరు నాలుగుసార్లు పైకి లాగి, "ఓహో, ముందు ఇంత ఉందా!" అంది. ఆ సాయంత్రమే మా ఆవిడ ఆ కారు నడిపింది.

దిండు వేసుకుంటే సరిపోతుంది కదా అంటారు. వద్దు. దిండు మీద మనిషి జారుతాడు. గట్టిగా బ్రేకు పడినప్పుడు నడుము బెల్టు తుంటి ఎముక మీద ఆగాల్సింది పైకి, పొట్ట మీదకి వస్తుంది. అద్దాల సంగతీ దీనికి ముడిపడిందే. మీరు నడిపి దిగాక ఆవిడ ఎక్కితే మూడు అద్దాలూ మళ్లీ సర్దుకోవాలి. బేస్‌లో ఎడమ అద్దం సర్దాలంటే పక్క సీటు మీదకి వంగి చెయ్యి చాపాలి, లేదా మళ్లీ దిగాలి. మొదటి వారం సర్దుతారు. రెండో వారం నుంచి "ఆ, కనిపిస్తోందిలే" అంటారు. పక్కనే గ్రానైటు దిమ్మె వేసుకున్న లారీ ఉన్నప్పుడు ఆ "లే" చాలా ఖరీదైనది.

వెనక వైపరుని చాలామంది అలంకారం అనుకుంటారు. వెనక బూటు పొడుగ్గా ఉన్న కార్లకైతే దాని అవసరం తక్కువే. మీది హ్యాచ్‌బ్యాక్. కారు ముందుకు పోతుంటే వెనక నిలువుగా తెగిపోయిన చోట గాలి సుడి తిరిగి, రోడ్డు మీది దుమ్మునీ నీళ్లనీ లాక్కొచ్చి వెనక అద్దానికి కొడుతుంది. చీమకుర్తి రోడ్డు మీద మీ బైకు మడ్‌గార్డు సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో మీకే బాగా తెలుసు. ఆ దుమ్ము మీద నాలుగు చినుకులు పడితే అద్దం మీద సిమెంటు పూసినట్టవుతుంది. రోజూ ఆ దారిన పోయేవాళ్లకి వైపరు సౌకర్యం కాదు, అవసరం.

అమ్మగారి సంగతి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వేరియంట్ కన్నా మోడలే ముఖ్యం. సీటు ఎంత ఎత్తులో ఉంది, డోరు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, అది చూడాలి. ఆవిడని ఒకసారి షోరూముకి తీసుకెళ్లి వెనక ఎక్కించి దింపారా? తీసుకెళ్లకపోతే బుకింగ్‌కి ముందు ఆ పని చేయండి. ఇక మార్కాపురం దారిలో రెండు గంటలు వెనక కూర్చునేవాళ్లకి ఏసీ గాలి ముందునుంచి రావాలంటే ముందున్న ఇద్దరూ వణకాలి. వెనక గాలి కిటికీలు ఉంటే ఆ గొడవ ఉండదు. హెడ్‌రెస్టు మాత్రం పెద్దవాళ్ల మెడ కోసం. వెనకనుంచి ఎవరైనా గుద్దితే మెడ వెనక్కి విరగకుండా ఆపేది అది. సీటులో కలిసిపోయిన పొట్టి హెడ్‌రెస్టు నాన్నగారి భుజాల దాకే వస్తే అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పాప గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. తాతకీ నానమ్మకీ మధ్య కూర్చునేది తనే కదా. వెనక సీటు మధ్యలో మూడుచోట్ల పట్టే బెల్టు ఉందా, నడుముకి మాత్రమే కట్టే పట్టీ ఉందా చూడండి. మీ పట్టికలో అన్ని వేరియంట్లకీ మూడుచోట్ల బెల్టు అనే ఉంది. అయినా షోరూములో లాగి చూడండి. తొమ్మిదేళ్ల పిల్లకి ఆ బెల్టు మెడ మీదుగా పోతే బూస్టరు సీటు వేయాలి. అది నడుము పట్టీతో కుదరదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో ఉంది. జరిమానా సంగతి వదిలేయండి, బెల్టు చూడండి.

ఇంతవరకూ చెప్పిన కారణాలన్నీ మీ ఇంటి మనుషుల్నిబట్టి వచ్చినవే. మీరొక్కరే బడికి వెళ్లి రావడానికి కారు అని రాసి ఉంటే నాన్నగారి మాటే నా మాట. బేస్ తీసుకుని, ఒక స్క్రీను వేయించుకుని, లక్ష మిగుల్చుకోమనేవాణ్ణి.

ఇప్పుడు డబ్బు. కంపెనీ ధరలో బేస్‌కీ మధ్యదానికీ తేడా లక్షా పదివేలు. అది రోడ్డెక్కేసరికి లక్షా పాతికవేలు అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, మీది ఆ కోవలోదే. ఆ లక్షా పదివేలలో దాదాపు పదహారు వేల ఎనిమిది వందలు జీఎస్టీ. దానిపైన లైఫ్ ట్యాక్స్ 14 శాతం అంటే ఇంకో పదిహేను వేల నాలుగు వందలు. మీరు కొనే సీటు లివరూ వైపరూ ఆరింటి మీదా ముప్ఫై రెండు వేలు ప్రభుత్వానికి. అందుకే అంటాను, అక్కరలేని ఫీచరు కొంటే దాని ధరే కాదు, దాని పన్నూ కడతాం.

మీ బావమరిది చెప్పిన టాప్ ఆటోమేటిక్ దగ్గర ఈ పన్ను ఇంకో మెట్టెక్కింది. ఆ కొటేషన్ మళ్లీ తీసి చూడండి. షోరూము ధర 10 లక్షల 10 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో కారు ధర ఐదు నుంచి పది లక్షల దాకా లైఫ్ ట్యాక్స్ 14 శాతం, పది దాటితే 17. దాటిన పదివేల మీద కాదు, మొత్తం మీద. అంటే లక్షా నలభై ఒక్క వేల నాలుగు వందలు కట్టాల్సింది లక్షా డెబ్బై ఒక్క వేల ఏడు వందలు అయింది. పదివేలు గీత దాటినందుకు ముప్ఫై వేలు. దానితో పాటు ఒక శాతం టీసీఎస్, అంటే డీలరు ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పదివేల వంద. అది మాత్రం పోదు, రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో సర్దుకుంటుంది. ఎవరైనా సరే పది లక్షల చుట్టుపక్కల వేరియంట్ చూస్తుంటే ఆ గీత ఎటువైపు ఉన్నారో ముందు చూసుకోవాలి.

ఏడేళ్ల లోను. మధ్యదానికన్నా టాప్ ఆటోమేటిక్ మూడు లక్షలు ఎక్కువ. తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే ఆ మూడు లక్షలకి ఐదేళ్లకి నెలకి 6,230 రూపాయలు, మొత్తం మూడు లక్షల 74 వేలు. ఏడేళ్లకి పెడితే నెలకి 4,830 కి దిగుతుంది, వినడానికి బాగుంటుంది, మొత్తం మాత్రం నాలుగు లక్షల ఐదువేలు దాటుతుంది. అదీ సన్‌రూఫూ గేర్లూ నల్లపూత అల్లాయ్‌లూ కలిపి. "ఏనుగును కొని అంకుశానికి బేరమా" అని షోరూములో అంటూనే ఉంటారు. ఇంకో నలభై వేలు వేస్తే ఇది, ఇంకో అరవై వేస్తే అది అని ఒక్కో మెట్టూ చిన్నగానే కనిపిస్తుంది. బేస్ నుంచి టాప్ ఆటోమేటిక్ దాకా ఎక్కాక వెనక్కి చూస్తే 4 లక్షల 25 వేలు. మీరు చేతిలో ఉందన్న డబ్బుకన్నా ఎక్కువ.

అమ్మేటప్పుడు తిరిగొస్తుంది అని కూడా మీ బావమరిది అనే ఉంటాడు. రాదు. బీమా లెక్కే చూడండి. కారు నాలుగేళ్లు నిండి ఐదో ఏడులో ఉంటే కంపెనీ ధరలో యాభై శాతం తరుగు తీసి విలువ కడతారు. మధ్యదానికీ మాన్యువల్ టాప్‌కీ కంపెనీ ధరలో తేడా లక్షన్నర. అప్పటికి డెబ్బై ఐదు వేలు అవుతుంది. సెకండ్ హ్యాండ్ బజారులో అదీ ఇవ్వరు. అక్కడ ఏ సంవత్సరం బండి, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది చేతులు మారింది, ఎక్కడైనా గుద్దిందా, ఇవే అడుగుతారు. అలాగని బేస్‌కీ అక్కడ పెద్ద మర్యాద ఉండదు. "ట్యాక్సీగా తిరిగిందేమో" అని చూస్తారు. త్వరగా అమ్ముడుపోయేది మధ్యదే.

సన్‌రూఫ్ మీద నా అభిప్రాయం అడక్కపోయినా చెప్తాను, ఎందుకంటే దీని మీద నాకు కొంచెం ఒళ్లు మంట. ఒంగోల్లో ఏడాదిలో ఎన్ని రోజులు నెత్తిన ఎండ పెట్టుకుని తిరగాలనిపిస్తుంది? దాని చుట్టూ నీళ్లు పోవడానికి సన్న గొట్టాలు ఉంటాయి. వేపచెట్టు కింద ఆపే బండికి ఆకులూ పూతా పడి అవి మూసుకుంటే వాననీళ్లు లోపల పైకప్పు గుడ్డలోకి దిగుతాయి. ఇక పిల్లల్ని అందులోంచి నిలబెట్టి తిప్పే నాన్నల్ని బైపాస్ మీద చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. అల్లాయ్ చక్రాలదీ అదే వరస. గుంతలో పడితే ఇనుప చక్రం సొట్టపోతుంది, సుత్తితో కొట్టి సరిచేస్తాడు. అల్లాయ్ పగిలితే కొత్తదే. పైగా టాప్‌కి టైరు సైజు పెద్దది, మార్చేటప్పుడు నాలుగింటికీ తేడా తెలుస్తుంది.

అయితే మీ బావమరిది చెప్పినదానిలో ఒక్కటి మాత్రం కొట్టేయను: ఆటోమేటిక్. మీ శ్రీమతికి క్లచ్ నిజంగా ఇబ్బందిగా ఉంటే, కర్నూలు రోడ్డు ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడపాల్సి వస్తే, మధ్య వేరియంట్‌లోనే ఏఎంటీ (మాన్యువల్ గేరుపెట్టెకే క్లచ్చూ గేర్లూ తనంతట తనే మార్చే ఏర్పాటు) ఉందేమో అడగండి. చిన్న కార్లలో దానికి దాదాపు యాభై వేలు ఎక్కువ పడుతుంది. ఆవిడ రోజూ నడుపుతారంటే అది వృథా కాదు. మాన్యువల్ టాప్ కన్నా ఆటోమేటిక్ మధ్యది నయం. ఆ ఒక్క మాట ఆవిడనే అడిగి తేల్చుకోండి, మీరూ మీ బావమరిదీ కూర్చుని తేల్చకండి.

సేల్స్ కుర్రాడి మూడు నెలల మాట నిజమే కావచ్చు, కాకపోవచ్చు. టాప్ బళ్లు యార్డులో నిలిచి ఉంటే వాటినే ముందు అమ్మమని పైనుంచి చెప్తారు, అతని ఉద్యోగం అది. ఒంగోల్లో కాకపోతే గుంటూరులోనో నెల్లూరులోనో అదే కంపెనీ డీలరుకి ఫోన్ చేసి మధ్యదానికి ఎన్నాళ్లో కనుక్కోండి. వారంలో ఇస్తానన్న బండి ఏ నెలలో తయారైందో కూడా అడగండి. ఆర్‌సీ మీద తయారీ తేదీ ఉంటుంది, అమ్మేటప్పుడు అదే చూస్తారు. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట రెండు కొటేషన్లు తెప్పించుకుని చూపించండి. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, బాడీ కవరు కలిపిన "కిట్" తప్పనిసరి అంటే మర్యాదగా నవ్వి వద్దనండి.

టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లు ఇచ్చేది దాదాపు ఎప్పుడూ టాపే. మీకు నచ్చినది ఆ కారు, మీరు కొనేది వేరే కారు. అందుకని డెలివరీకి సిద్ధంగా ఉన్న మధ్య వేరియంట్ యార్డులో ఉంటే పది నిమిషాలు కూర్చోనివ్వమని అడగండి. మీ శ్రీమతిని డ్రైవర్ సీటులో కూర్చోబెట్టి లివరు లాగించండి. బానెట్ అంచు కనిపిస్తోందో లేదో ఆవిడే చెప్పాలి. అమ్మగారిని ఎడమ డోరులోంచి ఎక్కించండి. నాన్నగారిని వెనక కూర్చోబెట్టి హెడ్‌రెస్టు పైకి లాగి చూపించండి. "చక్రాలు నాలుగే" అన్న పెద్దమనిషి అప్పుడేమంటారో నాకు రాయండి.

రంగు విషయానికొస్తే, గ్రానైటు దుమ్ముకి తెలుపే మంచిది. ఎండకి వేడి తక్కువ, గీతలు కనపడవు, రాత్రి లారీ డ్రైవర్‌కి దూరం నుంచి కనిపిస్తుంది. లెక్క ప్రకారం మీరే రైటు. కానీ వేరియంటూ లోనూ గేరూ అన్నీ పెద్దవాళ్లే తేల్చేశారు. ఎరుపుకి అదనంగా డబ్బు అడగకపోతే ఎరుపే తీసుకోండి మాస్టారూ.